అద్దె తగ్గితే ఖర్చు తగ్గినట్టేనా? హైదరాబాద్‌కు మకాం మార్చిన కుటుంబాల లెక్క

క్లుప్తంగా: ముంబై, ఢిల్లీ, బెంగళూరు నుంచి ఖర్చు కలిసొస్తుందని హైదరాబాద్ వచ్చే కుటుంబాలకు అద్దెలో మిగులు మొదటి నెలే కనిపిస్తుంది. మెయింటెనెన్స్, బండి, పెట్రోలు, స్కూలు అడ్మిషన్, భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం పోవడం లాంటివి మాత్రం ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. ఒక ఎండాకాలం, ఒక జూన్ నెల గడిస్తే తప్ప అసలు లెక్క తేలదు. హైదరాబాద్ చౌకా కాదా అన్నదానికంటే ఊళ్లో ఏ మూల దిగారు, పిల్లలు ఏ తరగతిలో ఉండగా దిగారు అన్నవే ఆ లెక్కను ఎక్కువగా మారుస్తున్నాయి.

ఒకప్పుడు వెళ్లినవాళ్లే ఇప్పుడు వస్తున్నారు

తెలుగువాళ్లు బతుకుదెరువు కోసం ముంబై వెళ్లడం చాలా పాత కథ. పాలమూరు కూలీలు, కరీంనగర్, నల్లగొండ వైపు పద్మశాలీలు వర్లీ, కామాటిపుర, భివండీల్లో స్థిరపడ్డారు. తర్వాతి తరాల్లో చదువుకున్నవాళ్లు ఠాణే, డోంబివలీ, నవీ ముంబై వైపు, ఢిల్లీ ప్రాంతంలో ఆర్కే పురం, నోయిడా, గురుగ్రామ్ వైపు చేరారు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకోవడం, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ ఇక్కడ కేంద్రం పెట్టడం, 2008లో శంషాబాద్ విమానాశ్రయం రావడంతో ఎదురు ప్రవాహం మొదలైంది. 2020 తర్వాత ఇంటి నుంచి పని అలవాటయ్యాక అది ఊపందుకుంది. ఆఫీసుకు రోజూ వెళ్లే పని లేనప్పుడు ఠాణేలో ఇరుకింటికి అంత అద్దె దేనికన్న ప్రశ్న చాలా ఇళ్లలో వచ్చింది.

వచ్చేవాళ్లలో రెండు రకాలున్నారు. సొంత రాష్ట్రానికి తిరిగొస్తున్న తెలుగు కుటుంబాలు ఒక రకం. తెలుగుతో సంబంధం లేకుండా కేవలం ఖర్చు చూసుకుని వచ్చేవాళ్లు మరో రకం. హైదరాబాద్‌లో హిందీతో రోజు గడిచిపోతుంది కాబట్టి రెండో రకానికి భాష పెద్ద అడ్డంకి కాదు. విచిత్రంగా కొన్ని విషయాల్లో మొదటి రకానికే ఎక్కువ దెబ్బ తగులుతుంది. తెలిసిన ఊరే కదా అన్న ధీమాతో వాళ్లు విచారించాల్సినవి విచారించరు.

అద్దె లెక్క ఎక్కడ తప్పుతుంది

ముంబైలో ఇంటి కొలత అంటే ఎక్కువగా కార్పెట్ ఏరియా, అంటే గోడల మధ్య కాలు పెట్టగలిగే చోటు. హైదరాబాద్‌లో నోటిమాటగా చెప్పే ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగుల) లెక్కలో గోడలు, బాల్కనీ, లిఫ్టు, మెట్లు, కారిడార్ల వాటా అన్నీ కలిసి ఉంటాయి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం అమ్మకాల్లో కార్పెట్ ఏరియానే చెప్పాలన్నా, అద్దెల దగ్గర పాత వాడుకే నడుస్తోంది. కాబట్టి 1,250 ఎస్‌ఎఫ్‌టీ డబుల్ బెడ్రూమ్ అనగానే ముంబై కొలతతో ఊహించుకుంటే తేడా పడుతుంది. అయినా మొత్తం మీద ఇల్లు పెద్దదే వస్తుంది, అందులో సందేహం లేదు.

అసలు తేడా మెయింటెనెన్స్‌లో ఉంది. ముంబైలో సొసైటీ మెయింటెనెన్స్ సాధారణంగా ఓనరే కడతారు, అది అద్దెలోనే కలిసి ఉంటుంది. హైదరాబాద్‌లో అద్దె వేరు, మెయింటెనెన్స్ వేరు, కట్టేది అద్దెకున్నవాళ్లు. చిన్న అపార్ట్‌మెంట్లలో ఇది నెలకు ఇంత అని ఉంటుంది. గేటెడ్ కమ్యూనిటీల్లో ఎస్‌ఎఫ్‌టీకి ఇంత అని లెక్క కడతారు.

ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. ఠాణేలో రూ.45 వేలు కట్టిన కుటుంబం నల్లగండ్లలో రూ.30 వేలకు 1,250 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాట్ తీసుకుందనుకుందాం. అద్దెలో మిగులు రూ.15 వేలు. మెయింటెనెన్స్ ఎస్‌ఎఫ్‌టీకి రూ.4 చొప్పున రూ.5 వేలు పోతే మిగిలేది రూ.10 వేలు. ఆఫీసు రానూపోనూ 40 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు, ట్రాఫిక్‌లో లీటరుకు 14 కిలోమీటర్లిచ్చే కారు. లీటరు రూ.107 చొప్పున పెట్రోలుకు దాదాపు రూ.6,700 అవుతుంది. చేతిలో మిగిలేది రూ.3,300. కారు ఈఎంఐ ఇంకా మొదలే పెట్టలేదు. అదే స్కూటర్ మీద వెళితే పెట్రోలు రూ.2,100 దగ్గర ఆగుతుంది, మిగులు రూ.7,900. ఆఫీసుకు నడిచి వెళ్లేంత దూరంలో రూ.34 వేల అద్దెకు దిగితే మెయింటెనెన్స్ పోను రూ.6 వేలు మిగులుతాయి, రోజూ గంటన్నర రోడ్డు మీద పోదు. అంటే ఎక్కువ అద్దె ఇల్లే కారు లెక్కతో పోలిస్తే చౌక.

ఈ లెక్క ముంబైలో ఎందుకు రాదంటే అక్కడ లోకల్ రైలు ఉంది. సెకండ్ క్లాస్ నెల పాస్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కారు లేకుండా ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు ముంబైలో కోకొల్లలు. హైదరాబాద్ మెట్రో మూడు లైన్లలో 69 కిలోమీటర్లు మాత్రమే. కోకాపేట, నార్సింగి, నల్లగండ్ల, తెల్లాపూర్ వంటి కొత్త నివాస ప్రాంతాలు ఆ మూడు లైన్లలో దేనిమీదా లేవు. 2025 మేలో సవరించిన ఛార్జీల ప్రకారం గరిష్ఠ టికెట్ రూ.69. రోజూ రెండుసార్లు చొప్పున 22 రోజులకు రూ.3,036 అవుతుంది. స్టేషన్ నుంచి ఆఫీసుకు ఆటో ఖర్చు అదనం. 2025 జూన్‌లో పెంచాక ఆర్టీసీ మెట్రో ఎక్స్‌ప్రెస్ నెల పాస్ రూ.1,600 అయింది. డబ్బు పరంగా ఇదే అన్నిటికంటే చౌక, కానీ ఇంటికీ ఆఫీసుకూ నేరుగా బస్సు ఉండాలి.

ఇక ఊరి ఆకారం. ఐటీ ఉద్యోగాలు పడమర వైపు గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ చుట్టూ ముద్దగా ఉన్నాయి. తక్కువ అద్దెలు నాగోల్, వనస్థలిపురం, మల్కాజిగిరి, బాచుపల్లి, బీరంగూడ వైపు దొరుకుతాయి. వెబ్‌సైట్లలో చూపించే ‘హైదరాబాద్ సగటు అద్దె’ ఈ రెండు రకాల చోట్లనూ కలిపేస్తుంది. ఏ కుటుంబమూ సగటులో కాపురం ఉండదు.

ఇల్లు పెద్దదైనందుకు వచ్చే ఖర్చు మరొకటి. కర్టెన్లు, ఇంకో రెండు ఫ్యాన్లు, రెండో ఏసీ, ఖాళీ గదిలోకి ఒక మంచం. ఇంట్లో పనికొచ్చే మనిషి కూడా ఊడ్చి తుడవడానికి ఇంత, గిన్నెలకు ఇంత, బట్టలకు ఇంత అని విడివిడిగా చెప్పి, గదులు ఎన్నో చూశాకే చివరి రేటు ఖాయం చేస్తుంది. అడ్వాన్స్ విషయంలో మాత్రం హైదరాబాద్ నయం. ఇక్కడ ఎక్కువగా రెండు, మూడు నెలల అద్దెతో సరిపోతుంది. పది నెలల అడ్వాన్స్ ఆనవాయితీ ఉన్న బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకు పెద్ద మొత్తమే చేతికొస్తుంది. అయితే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలే. ఆ మాట ఒప్పందంలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

కాగితం మారితేనే పథకం

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయాలి. అది తప్పించుకోవడానికే 11 నెలల ఒప్పందాలు పుట్టాయి. మహారాష్ట్రలో 1999 అద్దె నియంత్రణ చట్టం 11 నెలల లీవ్ అండ్ లైసెన్స్ (అక్కడి వాడుకలో అద్దె) ఒప్పందాన్ని కూడా రిజిస్టర్ చేయాల్సిందే అంటుంది. హైదరాబాద్‌లో చాలావరకు స్టాంపు పేపర్ మీద సంతకాలు, మహా అయితే నోటరీ ముద్ర. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది. ఆధార్‌లో అడ్రస్ మార్చబోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. అక్కడ రిజిస్టర్ చేసిన ఒప్పందం అడగొచ్చు. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద ఉంటుంది. అందుకే చాలా ఇళ్లలో ముందుగా దొరికే రుజువు గ్యాస్ కనెక్షన్ కాగితమో, అడ్రస్ మార్పించుకున్న బ్యాంకు పాస్‌బుక్కో అవుతుంది.

గ్యాస్‌కూ ఒక తతంగం ఉంది. పాత ఊళ్లో సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, టర్మినేషన్ వోచర్ (కనెక్షన్ రద్దు పత్రం) తెచ్చుకోవాలి. అది చూపిస్తే ఇక్కడ కొత్త కనెక్షన్ ఇస్తారు. ముంబై, ఢిల్లీల్లో పైపు గ్యాస్‌కు అలవాటుపడ్డవాళ్లు మళ్లీ సిలిండర్ బుకింగుకు రావాల్సిందే, ఎందుకంటే హైదరాబాద్‌లో పైపు గ్యాస్ కొన్ని ప్రాంతాలకే చేరింది.

అడ్రస్ మారకపోతే పోయేదేమిటో ఢిల్లీ నుంచి వచ్చిన మహిళకు మొదటి వారమే సిటీ బస్సులో అర్థమవుతుంది. ఢిల్లీలో 2019 నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. ఇక్కడ మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్ కొట్టాలంటే తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆధార్‌లో ఇంకా ద్వారకానో, లక్ష్మీనగరో ఉంటే కండక్టర్ డబ్బులు అడుగుతాడు. గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటుకు ఆహార భద్రత కార్డు కావాలి. ‘ఒకే దేశం - ఒకే రేషన్ కార్డు’ విధానంలో పాత కార్డుతో ఇక్కడ కేంద్ర కోటా ధాన్యం తీసుకోవచ్చు గానీ, రాష్ట్ర పథకాలు ఆ కార్డుతో రావు. ఓటు మార్పుకు ఫారం 8, పెద్ద కష్టం లేదు.

నంబర్ ప్లేట్ తెచ్చే తలనొప్పి

సొంత కారుతో వచ్చేవాళ్లు ఎక్కువగా వాయిదా వేసేది దీన్నే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రం బండి 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే కొత్త నంబర్ తీసుకోవాలి. ముందు పాత ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), అది రావాలంటే లోన్ ఉన్న బ్యాంకు అంగీకారం, పెండింగ్ చలానాలు లేవన్న రుజువు కావాలి. తర్వాత ఇక్కడ బండి వయసు, ధర చూసి లైఫ్ ట్యాక్స్ వేస్తారు. పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి డబ్బు వాపసు అడగొచ్చు. కానీ ముందు ఇక్కడ కట్టాలి, తర్వాతే అక్కడ అడగాలి. ఆ రెండింటి మధ్య నెలల దూరం ఉంటుంది, డబ్బు ఆ మేరకు ఇరుక్కుపోతుంది. పాత కారైతే అక్కడే అమ్మేసి వచ్చి ఇక్కడ సెకండ్‌హ్యాండ్‌లో టీజీ నంబర్ బండి కొనుక్కోవడమే చాలాసార్లు లాభం. దేశమంతటా చెల్లే బీహెచ్ సిరీస్ నంబర్ ఉన్నవాళ్లకు ఈ తిప్పలు లేవు. వాళ్లు రెండేసి ఏళ్లకు పన్ను కట్టుకుంటూ పోతారు.

పెట్రోలు ధర ఎవరూ ముందుగా చూడరు. 2024 మార్చి తగ్గింపు తర్వాత ఢిల్లీలో లీటరు రూ.95 లోపే ఉండగా హైదరాబాద్‌లో రూ.107 దాటింది, ముంబై ఆ రెండింటి మధ్య ఉంది. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.2 శాతం కావడమే దీనికి ప్రధాన కారణం. నెలకు 60 లీటర్లు పోయించేవాళ్లకు ఢిల్లీతో పోలిస్తే రూ.720 పైనే తేడా.

కరెంటు, నీళ్లు: మార్చి నుంచి జూన్ దాకా

తెలంగాణ కరెంటు బిల్లులో శ్లాబు మారితే పై యూనిట్ల రేటే కాదు, కింది యూనిట్ల రేటూ మారుతుంది. 2022 నుంచి అమలవుతున్న టారిఫ్‌లో 200 యూనిట్ల దాకా వాడితే మొదటి వంద రూ.3.40 చొప్పున, తర్వాతి వంద రూ.4.80 చొప్పున మొత్తం రూ.820. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే మొదటి రెండు వందలూ రూ.5.10 చొప్పున, ఆ ఒక్కటీ రూ.7.70. మొత్తం రూ.1,027.70. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం వేరు. ఒక్క యూనిట్‌కు రూ.207 తేడా. మీటరు రీడింగ్ తేదీ దగ్గరపడితే గీజర్ ఆపేసే ఇళ్లున్నాయంటే ఆశ్చర్యం లేదు. ఢిల్లీలో 200 యూనిట్ల దాకా రేషన్ కార్డుతో సంబంధం లేకుండా సున్నా బిల్లు వస్తుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చేవాళ్లకు ఇది కొత్త ఖర్చు. ముంబై కరెంటు రేట్లు చూసినవాళ్లకు మాత్రం ఇక్కడి బిల్లు భారంగా అనిపించదు.

ముంబై కుటుంబాలకు కలిసొచ్చేది మరొకటి ఉంది, ఎయిర్ కూలర్. గాలిలో తేమ ఎక్కువగా ఉండే ముంబైలో నీళ్లు ఆవిరి కావు కాబట్టి కూలర్ పెట్టినా చెమటే. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండలు పొడిగా ఉంటాయి. 40 డిగ్రీలు దాటిన రోజుల్లో కూడా గడ్డి మ్యాట్లున్న కూలర్ బాగా పనిచేస్తుంది. ఏసీ కరెంటులో చిన్న వంతుతో గడిచిపోతుంది. అయితే దానికి రోజూ నీళ్లు కావాలి. సమస్య అక్కడే.

ఊరికి నీళ్లు మంజీర, సింగూరు, కృష్ణా, గోదావరి నుంచి వస్తాయి. పాత బస్తీల్లో, పాత కాలనీల్లో జలమండలి (నగర నీటి సరఫరా సంస్థ) కనెక్షన్ ఉంటుంది. పడమటి శివారులోని కొత్త అపార్ట్‌మెంట్లు చాలావరకు బోర్ల మీద, ఎండాకాలంలో ట్యాంకర్ల మీద నడుస్తాయి. ట్యాంకర్ల ఖర్చు ఫ్లాట్లకు పంచి మెయింటెనెన్స్‌లో కలుపుతారు. డిసెంబరులో ఇల్లు చూసినవాళ్లకు ఇది తెలిసే అవకాశమే లేదు. జలమండలి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కనెక్షన్ ఉన్నచోటే వర్తిస్తుంది. ఇల్లు చూసేటప్పుడు ‘మంజీరా వస్తుందా?’ అని ఇక్కడివాళ్లు అడిగేది అందుకే. వచ్చేది కృష్ణా నీళ్లయినా ప్రశ్న మాత్రం అదే. దాంతోపాటు పోయిన మే నెల మెయింటెనెన్స్ బిల్లు ఎంత వచ్చిందో వాచ్‌మన్‌ను అడిగితే ఏజెంటు చెప్పని నిజం బయటపడుతుంది. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉండే చోట తాగడానికి వాటర్ క్యాన్లో, ఆర్వో మెషీనో తప్పవు.

పిల్లల చదువు: అన్నిటికంటే పెద్ద ఖర్చు ఇక్కడే

అద్దె, పెట్రోలు తప్పటడుగులు ఏడాదిలో సరిదిద్దుకోవచ్చు. చదువు విషయంలో తప్పితే సరిదిద్దుకునే వీలు ఉండకపోవచ్చు. కారణం స్థానికత.

రాజ్యాంగంలోని 371-డి అధికరణ, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చిన విధానం ప్రకారం తెలంగాణ వృత్తివిద్యా కాలేజీల్లో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపే) సీట్లలో సాధారణంగా 85 శాతం స్థానికులకే. ఎంబీబీఎస్‌కు 2024 జులైలో వచ్చిన జీవో 33 ప్రకారం అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు, అంటే సాధారణంగా తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, తెలంగాణలో చదివి ఉండాలి. దీనిపై కోర్టుల్లో పెద్ద వివాదమే నడిచింది. చివరికి 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ప్రభుత్వోద్యోగులు, సైనికోద్యోగుల వంటి బదిలీ ఉద్యోగాల పిల్లలకు మినహాయింపులున్నాయి. సొంతంగా ఖర్చు చూసుకుని మకాం మార్చుకున్న ప్రైవేటు ఉద్యోగికి అలాంటి మినహాయింపు లేదు.

దీని ప్రభావం సూటిగా ఉంటుంది. పాప ఎనిమిదో తరగతి పూర్తయ్యాక వస్తే, ఇంటర్ ముగిసేసరికి నాలుగేళ్లు నిండి స్థానికురాలవుతుంది. పదో తరగతి మధ్యలోనో, ఇంటర్‌కో వస్తే కాదు. తాతముత్తాతలది కరీంనగరే కావచ్చు, ఇంట్లో తెలుగే మాట్లాడొచ్చు, లెక్కలోకి వచ్చేది స్కూలు స్టడీ సర్టిఫికెట్లే. ఇక్కడ చదవనివాళ్లకు మిగిలిన 15 శాతంలో పోటీపడే దారి ఉన్నా, ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో అందుకు తల్లిదండ్రుల్లో ఒకరైనా రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉండాలన్నట్టు షరతులున్నాయి. అదే సమయంలో వదిలి వచ్చిన రాష్ట్రంలోనూ స్థానికత చేజారొచ్చు. రెండిటికీ చెడటమంటే ఇదే.

ఎన్ఐటీల నియమం వేరు. అక్కడ సగం సీట్ల హోమ్ స్టేట్ కోటాకు పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారన్నదే లెక్క. ఇంటర్ మాత్రమే హైదరాబాద్‌లో చదివిన విద్యార్థి కూడా వరంగల్ ఎన్ఐటీలో తెలంగాణ కోటాకు వస్తాడు. ఒకే విద్యార్థి ఒక కౌన్సెలింగ్‌లో నాన్ లోకల్, మరో కౌన్సెలింగ్‌లో సొంత రాష్ట్రం వాడు. జేఈఈ లక్ష్యంగా ఉన్న ఇంటికీ, నీట్ లక్ష్యంగా ఉన్న ఇంటికీ ఎప్పుడు రావాలన్న ప్రశ్నకు సమాధానం ఒకటి కాదు.

చిన్న తరగతుల్లో వచ్చే చిక్కు తెలుగు సబ్జెక్టు. 2018 చట్టం తర్వాత తెలంగాణలో సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ సహా అన్ని స్కూళ్లలో ఒకటి నుంచి పది దాకా తెలుగు తప్పనిసరి. ముంబైలో పెరిగిన తెలుగు పిల్లలు గలగలా మాట్లాడతారు, అక్షరాలు రావు. తల్లిదండ్రులు ‘మాది తెలుగే’ అని ఫారంలో రాస్తారు, తరగతిలో పిల్లలు గుణింతాల దగ్గరే ఆగిపోతారు. మాతృభాష తెలుగు కాని పిల్లల కోసం ‘వెన్నెల’ పేరుతో సులభ తెలుగు పుస్తకం తెచ్చారు. ఏ పుస్తకం చెబుతారో అడ్మిషన్ రోజే స్కూల్లో అడిగి తెలుసుకుంటే జూన్‌లో ట్యూషన్ కోసం వెతుక్కునే పని ఉండదు.

ఫీజుల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. పేరున్న ప్రైవేటు స్కూళ్లలో అడ్మిషన్లు ముందు ఏడాది నవంబరు, డిసెంబరులోనే మొదలవుతాయి. ఏప్రిల్‌లో వచ్చినవాళ్లకు మిగిలిన సీటు దొరుకుతుంది, కోరుకున్న సీటు కాదు. దాని వల్ల స్కూలు ఒకచోట, ఇల్లు ఒకచోట అయి స్కూలు బస్సు ఫీజు కూడా తోడవుతుంది.

జీతం అదేనా, రెండు జీతాలూ ఉన్నాయా

మకాం మార్పు ఎవరికి నికరంగా లాభమో తేల్చేది జీతమే. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఇది దాదాపు పూర్తి లాభం. హైదరాబాద్ కూడా ఢిల్లీ, ముంబైలతో సమానంగా ఎక్స్ కేటగిరీ నగరం, 2024 జనవరి నుంచి మూల వేతనంపై 30 శాతం ఇంటి అద్దె భత్యం. భత్యం తగ్గదు, అద్దె తగ్గుతుంది. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లకు కొత్తగా కనిపించేది జీతం స్లిప్పులో రూ.200 వృత్తి పన్ను, ఢిల్లీలో అది లేదు.

ప్రైవేటు కంపెనీల్లో ఊరిని బట్టి జీతం సవరించే పద్ధతి ఉంది. లక్ష రూపాయల జీతంలో 15 శాతం కోత పడితే పైన చెప్పిన అద్దె మిగులు మొత్తం అక్కడే సరిపోయింది. రిమోట్ ఉద్యోగాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లకు వేరే టెన్షన్. ఆఫీసుకు రమ్మని మెయిల్ వస్తే పాత ఊరికి తిరిగి వెళ్లాలి, లేదా ఇక్కడ కొత్త ఉద్యోగం వెతుక్కోవాలి.

ఇంకా పెద్ద దెబ్బ రెండో జీతానిది. హైదరాబాద్‌లో ఐటీ, ఫార్మా, రక్షణ పరిశోధన సంస్థలకు కొదవ లేదు. ముంబైలో స్టాక్ మార్కెట్, బ్యాంకుల ప్రధాన కార్యాలయాలు, ప్రకటనలు, హిందీ టీవీ రంగాల్లో పనిచేసేవాళ్లకు ఇక్కడ అదే స్థాయి అవకాశాలు తక్కువ. భర్త ఐటీ ఉద్యోగం కోసం వస్తే భార్య తన రంగం వదులుకోవాల్సి రావడం తరచూ జరుగుతోంది. నెలకు రూ.15 వేల అద్దె మిగుల్చుకోవడానికి రూ.50 వేల జీతం వదులుకున్నట్టవుతుంది. ఈ పద్దు నగరాలను పోల్చే పట్టికల్లో ఎక్కడా ఉండదు, ఎందుకంటే అవి ధరలను పోలుస్తాయి, కుటుంబాలను కాదు.

చుట్టాలు దగ్గరైతే

తిరిగొచ్చే తెలుగు కుటుంబాలకు ఇది రెండువైపులా పదునున్న విషయం. అమ్మమ్మో, నానమ్మో దగ్గరుంటే డే కేర్ ఖర్చు తగ్గుతుంది, జ్వరం వస్తే ఆఫీసుకు సెలవు పెట్టనక్కర్లేదు. మరోవైపు ముంబైలో ఉన్నప్పుడు ఫోన్‌లో శుభాకాంక్షలతో సరిపోయిన పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, సీమంతాలు, ఓణీల ఫంక్షన్లకు ఇప్పుడు మనుషులు వెళ్లాలి. ‘ఊళ్లోనే ఉండి రాలేదా?’ అన్న మాట పడకుండా ఉండాలంటే చదివింపులు, బట్టలు, పెట్రోలు అన్నీ ఖర్చే. మాఘమాసం, శ్రావణమాసం వస్తే నెలకు నాలుగైదు తగులుతాయి. ఏడాదికి ఒకసారి రైల్లో ఊరికి వెళ్లినవాళ్లు ఇప్పుడు రెండు నెలలకోసారి విజయవాడ హైవే ఎక్కుతారు. సంక్రాంతికి పంతంగి టోల్ ప్లాజా దగ్గర బారులు తీరే కార్లలో వీళ్లదీ ఒకటి. దీన్ని ఖర్చనాలా, వచ్చిన లాభమే ఇదనాలా అన్నది ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. బడ్జెట్‌లో మాత్రం రాసుకోవాలి.

కొనే తొందర

ముంబైలో ఇల్లు కొనడం కలలో మాట అనుకున్నవాళ్లకు హైదరాబాద్ ధర చూడగానే చేయి ఆగదు. కానీ ఈ ఊరు అంత చౌకగా ఏమీ లేదు. ఆదాయంలో ఇంటి ఈఎంఐకి ఎంత వాటా పోతుందో లెక్కగట్టే నైట్ ఫ్రాంక్ సూచీ 2024లో ముంబైకి 50 శాతం, హైదరాబాద్‌కు 30 శాతం చూపించింది. ముంబై తర్వాతి స్థానం హైదరాబాద్‌దే. ఢిల్లీ ప్రాంతం, బెంగళూరు, చెన్నై, పుణె అన్నీ దీనికంటే నయం.

రిజిస్ట్రేషన్ ఖర్చు ముంబై కంటే ఎక్కువ కూడా. ముంబైలో స్టాంపు డ్యూటీ 6 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజుకు రూ.30 వేల పరిమితి. కోటి రూపాయల ఫ్లాటుకు రూ.6.3 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే రూ.7.5 లక్షలు. రెండేళ్లలో ఉద్యోగం మారి వెనక్కి వెళ్లాల్సి వస్తే ఈ మొత్తం తిరిగి రాదు.

అందుకే మొదటి 11 నెలల ఒప్పందాన్ని ఊరు తెలుసుకునే గడువుగా వాడుకోవడం మంచిది. ఆ గడువు ముగిశాక చాలా కుటుంబాలు ఊళ్లోనే మరోసారి ఇల్లు మారతాయి, ఎక్కువగా స్కూలు దగ్గరికో, ఆఫీసు దగ్గరికో. రెండోసారి ప్యాకర్స్ అండ్ మూవర్స్ బిల్లు, పెయింటింగ్ కింద పోయే ఒక నెల అద్దె, కొత్త అడ్వాన్స్ ఈ మూడూ మొదటి ఏడాది మిగులులోంచే పోతాయి. అందుకే వచ్చేముందు వేసుకునే లెక్కలో మొదటి ఏడాది పొదుపును సున్నా అని రాసుకుని, రెండో ఏడాది నుంచే లాభం చూసుకోవాలి.